పగులు అతికాక మళ్లీ వచ్చే తుంటి నొప్పి

తుంటి నొప్పి అనగానే చాలామంది చెయ్యి నడుము పక్కకో, పిరుదు మీదకో వెళ్తుంది. నిజానికి తుంటి కీలు ఉండేది ముందువైపు, గజ్జ లోతులో. అందులో తేడా వస్తే నొప్పి ఎక్కువగా గజ్జలోనే తెలుస్తుంది, ఒక్కోసారి తొడ మీదుగా మోకాలి దాకా దిగుతుంది. మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని, ఏమీ లేదనగానే మళ్లీ పరుగు మొదలుపెట్టేవాళ్ల గురించే నాకు భయం.

ఆ నొప్పికి కారణం స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు. అది రావడానికి కింద పడక్కర్లేదు. ఎముకలో పాతబడిన భాగాన్ని కొన్ని కణాలు కరిగిస్తుంటే, మరికొన్ని కొత్తది కడుతూ ఉంటాయి. కరిగించడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. పరుగో నడకో ఉన్నట్టుండి పెంచేస్తే ఆ మధ్యకాలంలో సన్నటి పగుళ్లు పోగుపడతాయి. ప్రష్యా సైన్యంలో వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ 1855లోనే, కవాతులు చేసి పాదాలు వాచిన సైనికుల్లో ఈ బాధను వర్ణించాడు. ఎక్స్‌రే వచ్చింది 1895లో కాబట్టి, లోపలి పగులును ఆయన చూడగలిగే వీలే లేదు. ఇప్పటికీ కొత్తగా సైన్యంలో చేరినవాళ్లలో, లాంగ్ డిస్టెన్స్ రన్నర్లలో ఇది ఎక్కువ. శ్రమకు తగ్గ తిండి లేక నెలసరి తప్పుతున్న అమ్మాయిల్లో, విటమిన్ డి తక్కువున్నవాళ్లలో ముప్పు ఇంకా పెరుగుతుంది.

పాదంలో వచ్చే ఇలాంటి పగుళ్లు చాలావరకు విశ్రాంతితో మానుతాయి. తొడ ఎముక మెడలో వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కీలు గుంటలో తిరిగే గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. తలకు చేరే రక్తం చాలావరకు మెడను అంటిపెట్టుకుని పైకి పాకే సన్నటి నాళాల్లోంచే వస్తుంది. ఒకే కాలువ మీద బతికే చివరి పొలం లాంటిది దాని పరిస్థితి.

మెడ కింది అంచున పగిలితే అడుగు వేసినప్పుడు ఎముక నొక్కుకుంటుంది. పగులు చిన్నదైతే, చంకకర్రలతో కాలి మీద బరువు పడకుండా చూసుకుంటే సాధారణంగా అతుకుతుంది. పై అంచున పగిలితే ప్రతి అడుగుకీ విచ్చుకోబోతుంది. అందుకే చాలాసార్లు ఆలస్యం చేయకుండా స్క్రూలు వేస్తారు. ఎముక పక్కకు జరిగిపోయిందంటే నాళాలు తెగొచ్చు, మెలిపడొచ్చు. రక్తం అందని తలలో కణాలు చనిపోతాయి. డాక్టర్లు ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అనేది దీన్నే.

కణాలు చచ్చినా ఎముక వెంటనే కూలదు. ఖనిజం అలాగే ఉంటుంది, బరువు మోస్తూనే ఉంటుంది, ఎక్స్‌రేలో నెలల తరబడి మామూలుగానే కనిపిస్తుంది. అసలు చిక్కు మరమ్మతుతో మొదలవుతుంది. బతికున్న అంచు నుంచి కొత్త రక్తనాళాలు లోపలికి చొచ్చుకొస్తాయి, వాటితో వచ్చిన కణాలు చచ్చిన ఎముకను కరిగిస్తాయి. కొత్తది కట్టేలోపే మనిషి నడుస్తాడు, మెట్లెక్కుతాడు. మృదులాస్థికి ఆనుకుని ఉన్న పలుచటి ఎముక పొర ఆ బరువుకు విరుగుతుంది. అప్పుడు ఎక్స్‌రేలో తల పైభాగాన నెలవంక ఆకారంలో సన్నటి నల్లటి గీత కనిపిస్తుంది. ఆ గీత పడిందంటే తల కుంగడం మొదలైనట్టే.

పగులు అతికి, పరుగు మళ్లీ మొదలయ్యాక గజ్జ నొప్పి తిరిగొస్తే దాన్ని పాత నొప్పి కింద కొట్టిపారేయకూడదు. ఏవీఎన్ బయటపడటానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే, ఎంఆర్ఐ అవసరమా అని డాక్టర్‌ను అడిగి తీరాలి. తొలిదశను పట్టుకోగలిగేది అదే. స్క్రూలు ఉన్నచోట బొమ్మ కొంత చెదురుతుంది గానీ, టైటానియంవి అయితే ఇబ్బంది తక్కువ.

తల ఇంకా గుండ్రంగా ఉండగా తెలిస్తే, ఎముకలోకి సన్నటి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది. అందరిలోనూ ఫలించదు గానీ కొందరికి సొంత కీలు నిలుస్తుంది. తల కుంగిపోయాక చివరికి చాలామందికి కృత్రిమ కీలే దారి. అరవై దాటినవాళ్లకు అది చాలావరకు జీవితాంతం సరిపోతుంది. పాతికేళ్ల రన్నర్‌కి వేస్తే, అది అరిగి మళ్లీ మార్చాల్సిన ఆపరేషన్ ఒకటైనా ముందుండే అవకాశం ఎక్కువ.