పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్) ఇన్‌పుట్ల అమరికపై అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇన్‌పుట్ అడ్రస్‌ను కావలసిన చోటల్లా నేరుగా లాడర్‌లో (నిచ్చెన మెట్ల రూపంలో రాసే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో) వాడుకోవచ్చు, మధ్యలో మరో ట్యాగ్ (పేరు పెట్టిన మెమరీ స్థానం) పెట్టడం దండగ పని.

వాస్తవం: నేనూ కొన్నేళ్లు ఇలాగే అనుకున్నాను. ఒక ప్యాకింగ్ లైన్‌లో ఇన్‌పుట్ కార్డులోని ఛానెల్ ఒకటి కాలిపోయినప్పుడు, సెన్సార్ వైరును ఖాళీగా ఉన్న ఛానెల్‌కు మార్చి, ప్రోగ్రామ్‌లో పాత అడ్రస్‌ను వెదికించి అన్నిచోట్లా కొత్తది పెట్టించాను. అయితే ఒక బ్లాకులో ఆ బిట్‌ను పేరుతో కాక, 16 ఇన్‌పుట్లను కలిపి ఒకే వర్డ్‌గా (16 బిట్ల సంఖ్యగా) చదివి, మాస్క్ చేసి (కావలసిన బిట్లను మాత్రమే ఉంచుకుని) వాడారు. వెదుకులాటకు అది దొరకలేదు. తెల్లవారుజామున కన్వేయర్ మళ్లీ ఆగిపోయింది. ఇన్‌పుట్లన్నిటినీ ప్రోగ్రామ్ మొదట్లో ఒకే రొటీన్‌లో అర్థమయ్యే పేర్లున్న ట్యాగ్‌లలోకి తీసుకుని, మిగతా లాజిక్ అంతా ఆ ట్యాగ్‌లనే చదివేలా రాసి ఉంటే, ఆ రాత్రి మార్చవలసింది ఒక్క రంగ్ (లాడర్‌లో ఒక మెట్టు) మాత్రమే. సిగ్నల్‌ను తిరగేయడం, ఆన్-డిలే పెట్టడం, సెన్సార్లు రాకముందే సిమ్యులేషన్‌తో లాజిక్‌ను పరీక్షించడం కూడా అక్కడే కుదురుతాయి. దీనికీ ఒక ఇబ్బంది ఉంది: మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ లాడర్‌లో ట్యాగ్ చూస్తాడే గాని కార్డుపై ఏ ఎల్‌ఈడీ చూడాలో అతనికి తెలియదు. కాబట్టి ప్రతి రంగ్ కామెంట్‌లో కార్డు, టెర్మినల్ నంబర్లు తప్పక రాయాలి.

అపోహ: పీఎల్‌సీ ప్రతి స్కాన్ (ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపడం) మొదట్లోనే ఇన్‌పుట్లు చదివేస్తుంది కనుక, స్కాన్ పూర్తయ్యేదాకా వాటి విలువ మారదు.

వాస్తవం: ప్రాసెస్ ఇమేజ్ (స్కాన్ మొదట్లో తీసుకునే ఇన్‌పుట్ల నకలు) ద్వారా చదివే సీమెన్స్ ఎస్7 వంటి కంట్రోలర్లలో ఇది చాలావరకు నిజం. అలెన్-బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్‌లో మాత్రం ఇన్‌పుట్లు ప్రోగ్రామ్ స్కాన్‌తో సంబంధం లేకుండా, మాడ్యూల్‌కు నిర్ణయించిన ఆర్‌పీఐ (డేటా పంపే విరామం) వ్యవధి ప్రకారం వచ్చి పడుతుంటాయి. పైన ఉన్న రంగ్‌లో 1 గా కనిపించిన బిట్, అదే స్కాన్‌లో కింది రంగ్‌కు వచ్చేసరికి 0 కావచ్చు; సీక్వెన్స్‌లో రెండు స్టెప్‌లు ఒకేసారి ఆన్ అవడానికి, నెలకోసారి మాత్రమే కనిపించి మనల్ని విసిగించే కొన్ని లోపాలకు కారణం ఇదే. మొదట్లోనే కాపీ చేసుకుంటే ఆ స్కాన్ అంతటా ఒకే విలువ ఉంటుంది.

అపోహ: ఎన్‌సీ (నొక్కనప్పుడు మూసి ఉండి కరెంటును పంపే) స్టాప్ బటన్‌కు లాడర్‌లో కూడా ఎన్‌సీ కాంటాక్టే వేయాలి.

వాస్తవం: లాడర్‌కు బటన్ ఏ రకమో తెలియదు, దానికి తెలిసింది బిట్ 1 గా ఉందా, 0 గా ఉందా అన్నదే. నొక్కని ఎన్‌సీ బటన్ ద్వారా 24 వోల్టులు వస్తుంటాయి కనుక బిట్ 1 గా ఉంటుంది, కాబట్టి లాడర్‌లో వేయవలసింది ఎన్‌ఓ కాంటాక్ట్ (బిట్ 1 అయినప్పుడు దారినిచ్చేది). బటన్ నొక్కినా, వైరు తెగినా బిట్ 0 అయి యంత్రం ఆగుతుంది. ట్యాగ్‌కు ‘స్టాప్’ అని కాక ‘స్టాప్ నొక్కలేదు’ అనే అర్థమిచ్చే పేరు పెడితే తర్వాత చదివేవారు తికమకపడరు. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం వేరే సంగతి: దాన్ని సేఫ్టీ రిలేకు గాని సేఫ్టీ పీఎల్‌సీకి గాని ఇవ్వాలి, మామూలు పీఎల్‌సీకి వెళ్లేది స్థితిని తెలిపే సమాచారం మాత్రమే.

అపోహ: ఇన్‌పుట్ల జాబితాలో మొదటి అడ్రస్ రాసి, మిగతావి ఎక్సెల్‌లో కిందికి లాగితే చాలు.

వాస్తవం: మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ శ్రేణిలో ఇన్‌పుట్ల లెక్క ఆక్టల్‌లో (0 నుంచి 7 వరకు అంకెలే ఉండే లెక్కలో) ఉంటుంది, ఎక్స్7 తర్వాత వచ్చేది ఎక్స్10. అందులో ఎక్స్8 అనే ఇన్‌పుట్టే లేదు.

అపోహ: లెవెల్ సున్నా చూపిస్తే ట్యాంకు ఖాళీ అయినట్టే.

వాస్తవం: 4–20 మిల్లీయాంపియర్ల సిగ్నల్‌లో ఖాళీ ట్యాంకు కూడా 4 మిల్లీయాంపియర్లు పంపుతుంది, వైరు తెగితే కరెంటు సున్నా అవుతుంది. కానీ స్కేలింగ్ (కరెంటును లెవెల్ విలువగా మార్చడం) చేసేటప్పుడు రుణ విలువలు బాగుండవని సున్నా దగ్గర బిగించేస్తే, తెగిన వైరుకూ ఖాళీ ట్యాంకుకూ తేడా మాసిపోయి, నిండిన ట్యాంకులోకి పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది. కరెంటు 3.6 మిల్లీయాంపియర్లకో అంతకన్నా కిందికో పడితే లోపంగా పరిగణించాలని నమూర్ అనే పరిశ్రమల సంస్థ సిఫార్సు ఎన్‌ఈ 43 చెబుతుంది. ఆ తనిఖీని స్కేలింగ్‌కు ముందే, ముడి విలువపైనే చేసి, లోపాన్ని వేరే బిట్‌గా పంపుకు ఇంటర్‌లాక్ చేయాలి (లోపం ఉంటే పంపు నడవకుండా).