ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్ బుకింగ్: అపోహలు - వాస్తవాలు

డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పడం నా పని. కొత్తగా చేరేవాళ్లు క్లచ్, గేర్ల కంటే ముందు అడిగేది ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్ గురించే, అంటే లెర్నర్ లైసెన్స్ కోసం రాసే కంప్యూటర్ టెస్టు తేదీ గురించే. ఎవరో చెప్పింది నమ్మి ఏదో ఒక తేదీ పెట్టేసుకుని, తర్వాత ఇబ్బంది పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసి పెట్టుకుంటే ఓ పనైపోతుంది, బండి తర్వాత తీరిగ్గా నేర్చుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలు. అందులో మొదటి 30 రోజులు డ్రైవింగ్ టెస్టుకు వెళ్లే వీల్లేదు. జనవరి 10న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకోండి. ఫిబ్రవరి 9 దాకా ఆగాలి, జూలై 9తో గడువు అయిపోతుంది. ఈ మధ్యలోనే కాలేజీ పరీక్షలు, ఇంట్లో పెళ్లిళ్లు, ఆఫీసు పనులు అన్నీ వస్తాయి. టెస్టులో ఫెయిలైతే మళ్లీ వెళ్లడానికి ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లూ ఫెయిలైతే 60 రోజులు ఆగాల్సిందే. చివరి నెలలో పరుగెత్తుకొచ్చేవాళ్లకు ఒక్కసారి తప్పినా కోలుకునే టైమ్ ఉండదు.

అందుకే స్లాట్ ఖాళీ ఉంది కదా అని బుక్ చేయకండి. బండి, నేర్పే మనిషి, మీ తీరిక, ఈ మూడూ కలిసే నెల ఏదో ముందు చూసుకోండి. క్లాసులు మొదలయ్యే వారం ముందు ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చేలా తేదీ ఎంచుకుంటే చాలు.

అపోహ: కంప్యూటర్ టెస్టుకు చదివేదేముంది, రోడ్డు మీద రోజూ తిరుగుతున్నాం కదా.

వాస్తవం: రోజూ తిరగడం వల్లే తప్పులు పెడతారు. సిగ్నల్, పోలీసు ఎవరూ లేని కూడలిలో ఎవరికి దారివ్వాలి అని అడిగితే, పెద్ద బండికి అని నొక్కేస్తారు. మన కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారివ్వాలన్నది నియమం. గుర్తుల్లోనూ అంతే. నీలం వృత్తం మీద ఎర్రగీత ఒక్కటే ఏటవాలుగా ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తూ ఉంటే అసలు ఆగనే కూడదని. తెర మీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పక్కపక్కన పెట్టుకుని చూసినవాళ్లే తేడా పట్టుకుంటారు. పాసవ్వడానికి 60 శాతం సరైన జవాబులు కావాలి. రెండు సాయంత్రాలు కేటాయిస్తే సరిపోతుంది.

అపోహ: బ్రోకర్ లేకపోతే స్లాట్ దొరకదు.

వాస్తవం: దొరుకుతుంది, ఫోన్లోనే చేసుకోవచ్చు. కేంద్ర నిబంధనల్లో లెర్నర్ లైసెన్స్ ఫీజు ఒక్కో రకం వాహనానికి 150 రూపాయలు, పరీక్షకు 50. రాష్ట్రం వేసే సర్వీసు ఛార్జీలు దీనికి అదనం. ఇంకెవరితోనైనా చేయించుకున్నా సరే, మొబైల్ నంబర్ మాత్రం మీదే ఇవ్వండి. వాళ్ల నంబర్ పెడితే ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ వాళ్లకే పోతాయి. మీ స్లాట్ ఎప్పుడో కూడా వాళ్లనే అడగాల్సి వస్తుంది.

వాహనం రకం దగ్గర కాస్త నిదానించండి. కారుతో పాటు గేర్లున్న బైకూ నడపాలనుకుంటే రెండూ ఇప్పుడే టిక్ చేయండి. గేర్లు లేనిది మాత్రమే ఎంచుకుంటే, రేపు గేర్ల బైక్ కోసం మళ్లీ అప్లై చేయాలి.

అపోహ: 16 నిండితే పిల్లలకు స్కూటీ మీద ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు.

వాస్తవం: ఇచ్చేది 50 సీసీ మించని, గేర్లు లేని బండికే, అదీ తల్లిదండ్రుల సమ్మతితో. ఇప్పుడు షోరూముల్లో అమ్మే పెట్రోల్ స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే. వాటికి 18 నిండాల్సిందే. పిల్లలు లైసెన్స్ లేకుండా బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ట్యూషన్‌కు ఆలస్యమవుతోందని తాళం చేతికిచ్చే అమ్మానాన్నలూ, దయచేసి ఇది ఆలోచించండి.

అపోహ: మెడికల్ సర్టిఫికెట్ అందరికీ కావాలి.

వాస్తవం: సొంత బండికైతే 40 దాటినవాళ్లకే ఫారం 1ఎ మీద డాక్టర్ సంతకం కావాలి. మిగతావాళ్లు తమ ఆరోగ్యం గురించి ఫారం 1లో స్వయంగా రాసిస్తే సరిపోతుంది. 40 దాటినవాళ్లు స్లాట్ తేదీ కంటే ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి.

అపోహ: ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందంటే కారు ఒక్కళ్లమే తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: కుదరదు. లైసెన్స్ ఉన్న మనిషి పక్కన ఉండాలి, బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి.