‘టార్న్’ పాట, దాని కవర్లు: అపోహలు – వాస్తవాలు

90ల చివర్లో కేబుల్ టీవీలో ఇంగ్లిష్ పాటలు చూసినవాళ్లు ఆస్ట్రేలియా గాయని నాటలీ ఇంబ్రూలియా పాడిన ‘టార్న్’ను మొదటి గిటార్ స్ట్రోక్‌కే గుర్తుపడతారు. నేను హైదరాబాద్‌లో ఒక కవర్ బ్యాండ్‌లో, అంటే ఇతరుల పాటలను తమ తీరులో పాడే బృందంలో, గిటార్ వాయిస్తాను, పాడతాను కూడా. ఈ పాట ఎత్తుకుంటే చాలు, వెనక టేబుళ్ల వాళ్లు కూడా గొంతు కలుపుతారు. అంత ఇష్టమైన పాట గురించి ఇన్ని తప్పుడు మాటలు తిరగడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఇది నాటలీ ఇంబ్రూలియా సొంత పాట.

వాస్తవం: ఆవిడ పాడేనాటికే ఈ పాట మూడుసార్లు రికార్డయింది. రాసింది స్కాట్ కట్లర్, ఆన్ ప్రెవెన్, ఫిల్ థోర్నలీ. మొదటి రికార్డింగ్ డేనిష్ భాషలో వచ్చింది. 1993లో డెన్మార్క్ గాయని లిస్ సోరెన్‌సెన్ పాడారు. 1995లో కట్లర్, ప్రెవెన్ తమ సొంత బ్యాండ్ ఎడ్నాస్వాప్‌తో ఇంగ్లిష్‌లో చేశారు. 1996లో నార్వే నుంచి ట్రీనె రెయిన్ వెర్షన్ వచ్చింది. నాటలీది 1997.

ఇది తెలియగానే కొందరు ‘అయితే కొట్టేసిందన్నమాట’ అనేస్తారు. అదీ తప్పే. నాటలీ రికార్డింగ్‌కు ప్రొడ్యూసర్ ఎవరో కాదు, థోర్నలీయే. రాసిన మనిషే దగ్గరుండి చేయించిన పాటను దొంగతనం అని ఎలా అంటాం?

అపోహ: ముందు వచ్చిందే అసలు, మిగతావి కాపీలు.

వాస్తవం: ఎడ్నాస్వాప్ వెర్షన్, నాటలీ వెర్షన్ వెంటవెంటనే వినండి, మంచి హెడ్‌ఫోన్స్‌లో. ఎడ్నాస్వాప్‌లో గిటార్లు డిస్టార్షన్‌తో గరగరమంటాయి, నడక బరువుగా ఉంటుంది, ప్రెవెన్ గొంతులో కోపం పచ్చిగా వినిపిస్తుంది. నాటలీ దగ్గరికి వచ్చేసరికి అకూస్టిక్ గిటార్ తేలిగ్గా ఊగుతుంది, డ్రమ్స్ ఒకే తీరుగా నడుస్తాయి, గొంతు మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. చివర్లో మాటలు ఆగిపోయాక స్లైడ్ గిటార్ అందుకుంటుంది చూశారా, మా షోలలో జనం ఆ ముక్కను కూడా నోటితో పాడేస్తారు. ట్యూన్ అదే, మాటలూ అవే. ఒకరు దెబ్బలాడుతున్నారు, ఇంకొకరికి ఆ ఓపిక కూడా మిగల్లేదు. వేగం, వాయిద్యం, గొంతు ఎంత దూరంలో వినిపించాలి అన్న నిర్ణయాలతోనే ఇంత తేడా వచ్చింది. కవర్ చేసేవాళ్ల అసలు పని అదే. నా మటుకు నాకు రెండూ కావాలి.

అపోహ: అమెరికాలో ఇది నంబర్ వన్.

వాస్తవం: రేడియోలో అవును. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే ఎయిర్‌ప్లే (రేడియో ప్రసారాల) చార్ట్‌లో 11 వారాలు పైనే కూర్చుంది. కానీ అక్కడ దుకాణాల్లో అమ్మే సింగిల్‌గా విడుదల చేయలేదు కాబట్టి అప్పటి నియమాల ప్రకారం బిల్‌బోర్డ్ ప్రధాన చార్ట్ హాట్ 100లో చోటు దక్కలేదు. 1998 డిసెంబర్‌లో నియమం మార్చేసరికి పాట వేడి తగ్గిపోయింది, 42 దగ్గర ఆగింది. బ్రిటన్‌లో వచ్చిన అత్యున్నత స్థానం 2.

అపోహ: కోరస్‌లో నాలుగు కార్డ్సే కదా, ఎవరైనా పాడేయొచ్చు.

వాస్తవం: ఎఫ్, సి, డి మైనర్, బి ఫ్లాట్. గిటార్ నేర్చుకునేవాళ్లు కూడా వాయించగలరు, నిజమే. చిక్కంతా ఊపిరి దగ్గర. కోరస్‌లో మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, లైన్లు బీట్ కంటే ముందే మొదలవుతాయి. చరణం చివర్లో గాలి నింపుకోకపోతే మూడో లైన్‌కే గొంతు పట్టేస్తుంది. అప్పుడు చాలామంది అరిచి నెట్టుకొస్తారు, పాటలోని అలసట కాస్తా పోతుంది. ప్రాక్టీస్‌లో ముందు గిటార్ పక్కన పెట్టి, కాలితో తాళం వేస్తూ మాటలు ఉత్తినే చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చరణం మరీ కిందికి పోతోందనిపిస్తే శ్రుతి మార్చుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: కవర్ చేయాలంటే నాటలీ అనుమతి కావాలి. లేదా కింద ఆవిడ పేరు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: రెండూ కాదు. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. మీరు కొత్తగా పాడి వాయిస్తే వాడుకుంటున్నది పాటను, కాబట్టి డబ్బు చేరాల్సింది రాసినవాళ్లకు, వాళ్ల తరఫున పాట హక్కులు చూసుకునే పబ్లిషర్లకు. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 31సి ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ ఏళ్లు గడిస్తే, ముందుగా నోటీసు ఇచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ అడ్వాన్స్‌గా కట్టి కవర్ రికార్డింగ్ చేసుకోవచ్చు. స్టేజి మీద పాడటానికి ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తలు, పబ్లిషర్ల హక్కుల సంఘం) లైసెన్స్ ఉంటుంది. మామూలుగా అది వేదికవాళ్లో, నిర్వాహకులో తీసుకోవాలి. షో ఒప్పుకునే ముందు ఆ మాట అడగండి.

ఇదే ట్యూన్‌కు తెలుగు మాటలు రాసి పాడతానంటే మాత్రం 31సి పనికిరాదు. అది అనువాదం, దానికి హక్కుదారుల అనుమతి విడిగా కావాలి. రికార్డింగ్ అయ్యాక కాదు, పల్లవి రాయడానికి ముందే పబ్లిషర్‌కు మెయిల్ పెట్టండి.