ఒక్క ఫ్లాష్, ఒక్క గొడుగు: స్టూడియో లైటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, రెండు లైట్లు, పెద్ద సాఫ్ట్‌బాక్స్, ట్రిగ్గర్ అన్నీ కలిపి లక్ష లేనిదే పని మొదలవదంట కదా?" కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది. (సాఫ్ట్‌బాక్స్ అంటే లైటు ముందు తగిలించే తెల్లగుడ్డ పెట్టె, ట్రిగ్గర్ అంటే కెమెరా నొక్కగానే దూరంగా ఉన్న ఫ్లాష్‌ని పేల్చే పరికరం.) అప్పు చేసి కిట్ కొని, ఎలా వాడాలో తెలియక మూలన పడేసినవాళ్ళను చాలామందిని చూశాను. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన లైటు అయితేనే వెలుగు మెత్తగా పడుతుంది

వెలుగు మెత్తదనానికీ లైటు ధరకీ సంబంధం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ లైటు ఎంత పెద్దగా కనిపిస్తోందన్నదే లెక్క. మిట్టమధ్యాహ్నం ఎండలో ముక్కు కింద నీడ గీత గీసినట్టు పడుతుంది, ఎందుకంటే సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరం నుంచి మనకు బొట్టంతే. అదే మబ్బు పడితే ఆకాశమంతా లైటైపోతుంది.

మొన్న ఓణీల ఫంక్షన్‌కి ఒక ఇంటి హాల్లోనే పోర్ట్రెయిట్లు తీశాను. ఒక మాన్యువల్ ఫ్లాష్, దాని ముందు వందల రూపాయల్లో దొరికే 43 అంగుళాల తెల్ల గొడుగు. ముందు ఆరడుగుల దూరంలో పెట్టాను. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 400, ఎపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/5.6, ఫ్లాష్ పవర్ 1/8, అంటే పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు. అమ్మాయి చెవి బుట్టల నీడ మెడ మీద నల్లగా, అంచులు తేలి కనిపించింది. స్టాండును మూడడుగులకి జరిపాను. ఆ నీడ అంచు పొగలా కరిగిపోయింది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి పవర్ 1/32కి దించాను. దాంతో ఫ్లాష్ వెంటవెంటనే ఛార్జ్ అయింది, బ్యాటరీలూ నిలిచాయి. పైగా వెనక గోడ దానంతటదే చీకటైంది, సోఫా, కేలండరు కనిపించకుండా పోయాయి. ఇంకో వైపు చెంప మరీ నల్లగా ఉందనిపించి థర్మోకోల్ షీట్ ఒకటి వాళ్ళ తమ్ముడి చేతికిచ్చి పట్టుకోమన్నాను. రెండో లైటు అవసరం రాలేదు.

గొడుగు పెట్టిన స్టాండుకి అడుగున తప్పకుండా బరువు కట్టండి. ఫ్యాన్ గాలికే పడిపోతుంది. రెండు ఉప్పు ప్యాకెట్లు సంచిలో వేసి వేలాడదీసినా చాలు.

అపోహ: కొత్తవాళ్ళకి ఎల్ఈడీ చాలు, కంటికి కనిపించేదే ఫొటోలో వస్తుంది

వీడియోకైతే ఎల్ఈడీయే కావాలి. ఫొటోకి మాత్రం ఈ చిన్న లెక్క చూడండి. 60 వాట్ల ఎల్ఈడీ వెలుగుతోంది, మీ షట్టర్ 1/125 సెకను తెరుచుకుంది. 60ని 125తో భాగిస్తే, ఆ ఫొటోకి దక్కిన శక్తి అర వాట్-సెకను కూడా కాదు. మామూలు స్టూడియో ఫ్లాష్ 200 వాట్-సెకన్లను ఒక్క మెరుపులో ఇచ్చేస్తుంది. అంటే 400 రెట్ల పైమాటే. రెండింటి సామర్థ్యం ఒకటి కాదు కాబట్టి కచ్చితంగా ఇంతే అనలేం గానీ, తేడా మాత్రం వందల రెట్లలోనే ఉంటుంది. ఎల్ఈడీతో ఆ లోటు పూడ్చాలంటే ఐఎస్ఓ 1600కో 3200కో పోవాలి, లేదా షట్టర్ స్పీడ్ తగ్గించాలి. బారసాల బిడ్డ చెయ్యి ఆడిస్తే ఆ చెయ్యి అలికినట్టు వస్తుంది.

తలంబ్రాలు గాల్లో ఆగినట్టు రావాలంటే స్పీడ్‌లైటే (కెమెరా మీద తగిలించే చిన్న ఫ్లాష్) మేలు. పవర్ తగ్గించేకొద్దీ దాని మెరుపు ఇంకా కురచవుతుంది. 1/16లో పెట్టి చూడండి, గింజ గింజా విడిగా కనిపిస్తుంది.

అపోహ: షట్టర్ స్పీడ్ పెంచితే ఫ్లాష్ వెలుగు తగ్గుతుంది

తగ్గేది గదిలో ముందే ఉన్న వెలుగు. ఫ్లాష్ వెలుగు ఎపర్చర్, ఐఎస్ఓ, పవర్, దూరం చెప్పినట్టు వింటుంది. షట్టర్‌ని సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిపి వాడగలిగే అత్యధిక షట్టర్ స్పీడ్) దాటిస్తే ఫొటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. చాలా కెమెరాలకు ఆ హద్దు 1/200 లేదా 1/250. చవక ట్రిగ్గర్ వాడుతుంటే 1/160 దగ్గరే ఉండండి. ముందు ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి. అది పూర్తిగా నల్లగా వస్తే, ఇక ఫొటోలో పడే వెలుగంతా మీరు పెట్టిందే.

మిర్రర్‌లెస్ కెమెరా వాళ్ళకి ఇక్కడ స్క్రీన్ కూడా నల్లగా కనిపిస్తుంది. కెమెరా పాడైందని కంగారుపడొద్దు. ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో స్క్రీన్ మీద ముందే చూపించే ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్‌ని మెనూలో ఆఫ్ చేస్తే సరి.

అపోహ: ఏ ట్రిగ్గరైనా ఏ కెమెరాకైనా సరిపోతుంది

ఒక కుర్రాడు మూడు ట్రిగ్గర్లు మార్చాక నా దగ్గరికొచ్చాడు. ఒక్కదానితోనూ ఫ్లాష్ పేలలేదు. కెమెరా హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే గాడి) మీద టార్చ్ వేసి చూపించాను. నడిమధ్య ఉండాల్సిన గుండ్రటి లోహపు చుక్క అసలు లేదు. ఈమధ్య కొన్ని ఎంట్రీ లెవెల్ కెమెరాల్లో దాన్ని తీసేశారు. సింగిల్ పిన్ చవక ట్రిగ్గర్లు ఆ చుక్క ద్వారానే పనిచేస్తాయి, అది లేకపోతే ఎన్ని మార్చినా అంతే. అలాంటి కెమెరాకి ఆ కెమెరా కంపెనీ కోసమే చేసిన టీటీఎల్ ట్రిగ్గర్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే లెక్కగట్టే రకం) కావాలి. గోడాక్స్ లాంటి కంపెనీల ట్రిగ్గర్లు కానన్, నికాన్, సోనీ, ఫ్యుజీలకు విడివిడిగా వస్తాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేకంటే, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి కెమెరా పట్టుకెళ్ళి, తగిలించి, పేల్చి చూసి కొనండి. రిసీవర్ (ట్రిగ్గర్ సిగ్నల్‌ని అందుకునే భాగం) లోపలే ఉన్న ఫ్లాష్ తీసుకుంటే ఇంకో డబ్బా ఖర్చు తప్పుతుంది.

రేపు పెద్ద స్టూడియో లైటు కొన్నా, బోవెన్స్ కంపెనీ పేరుతో వచ్చిన మౌంట్ (సాఫ్ట్‌బాక్స్ తగిలించే బిగింపు) ఉన్నదే చూడండి. ఆ కంపెనీ 2017లోనే మూతపడింది గానీ, ఆ మౌంట్‌కి సరిపోయే సాఫ్ట్‌బాక్సులు ఇప్పటికీ అన్నిచోట్లా దొరుకుతున్నాయి.

అపోహ: తాతగారి పాత ఫ్లాష్ ఉందిగా, కొత్తది ఎందుకు?

కొన్ని పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ వోల్టేజీ 200 దాటుతుంది. అది డిజిటల్ కెమెరా బోర్డును కాల్చేయగలదు, ట్రిగ్గర్ రిసీవర్‌నూ కాల్చేయగలదు. ముందు ఫ్లాష్ ఛార్జ్ చేసి, మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి, కింద మధ్య పిన్నుకీ పక్క రేకుకీ మధ్య కొలవండి. పదుల్లో గానీ వందల్లో గానీ చూపిస్తే దాన్ని కెమెరాకి తగిలించకండి. విప్పి బాగుచేద్దామనీ చూడకండి. స్విచ్ ఆఫ్ చేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఛార్జ్ చాలాసేపు నిలిచే ఉంటుంది.