ఫోన్లు మార్చుకుని ఆడించి చూడండి

చిన్నూ, బుజ్జీ,

మొన్న మీ గొడవంతా అమ్మ చెప్పింది. ఒకే చెస్ యాప్‌ని రెండు ఫోన్లలో పెట్టి ఒకదానితో ఒకటి ఆడించారట, బుజ్జి చేతిలో కొత్త ఫోను, చిన్నూ చేతిలో అమ్మ వాడి వదిలేసిన పాతది, అది ఓడేసరికి "ఇది తొండి" అని చిన్నూ అన్నం మానేశాడట. ఒరేయ్, ఇదే పేచీ పెద్దవాళ్లూ పెట్టుకున్నారు, అదీ ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీల్లో!

1974లో స్టాక్‌హోమ్‌లో మొదటి పోటీ పెట్టినప్పుడు ఎవరి యంత్రం వాళ్లదే. గెలిచింది కైసా అనే రష్యన్ ప్రోగ్రాము, దాని కంప్యూటరేమో మాస్కోలో ఉండిపోయింది, ఎత్తులు ఫోన్‌లో చెప్పుకునేవాళ్లు. బోర్డు ముందు కూర్చున్న మనిషి పని పావులు జరపడమే, తన బుర్ర వాడకూడదు.

అలా ఎవరిది వాళ్లు తెచ్చుకుంటూ పోతే 2008లో బీజింగ్‌లో రిబ్కా అనే ప్రోగ్రాము ఏకంగా 40 కోర్లతో దిగింది. కోర్ అంటే లెక్కలు చేసే పనివాడనుకోండి. మామూలు కంప్యూటర్‌తో వచ్చినవాడు ఏం చేస్తాడు పాపం? అందుకే 2009లో స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఎవరైనా సరే 8 కోర్లు దాటకూడదని రూలు పెట్టారు. తీరా చూస్తే మళ్లీ రిబ్కాయే గెలిచింది! (వేరేవాళ్ల కోడ్ వాడుకుందని 2011లో దాని టైటిళ్లన్నీ తీసేసుకున్నారు, అది వేరే కథ.) పై ఏడాది జపాన్‌లోని కనజావాలో ఆ పరిమితి ఎత్తేసి, అందరికీ ఒకే రకం కంప్యూటర్ ఇచ్చే పోటీ విడిగా పెట్టారు. నాకు అదే సరైన పనిగా తోస్తుంది, ఎందుకంటే ప్రోగ్రాము గొప్పదా, యంత్రంతో కలిపి మొత్తం గొప్పదా అన్నవి రెండు వేరే ప్రశ్నలు.

బుజ్జీ, నువ్వు మరీ మురిసిపోకు. 1995లో హాంకాంగ్‌లో ఐబీఎం వాళ్ల పెద్ద చెస్ యంత్రం డీప్ బ్లూ నమూనాని మామూలు పెంటియం కంప్యూటర్ మీద నడిచిన ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాము ఓడించింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాము ప్రధానంగా సీపీయూ మీద, అంటే ఆ కోర్లుండే కంప్యూటర్ బుర్ర మీద నడుస్తుంది, లీలా అనే ఇంకో ప్రోగ్రాముకి (పేరు మన పక్కింటి అమ్మాయిలా ఉంది కదూ) గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మలు గీసేందుకు పెట్టే విడి భాగం కావాలి. ఎన్ని కోర్లకు ఎంత కార్డు సమానం? ఏ తక్కెడలో తూస్తారు?

మీరు మాత్రం ఫోన్లు మార్చుకుని ఇంకో పది ఆటలు ఆడించండి, రెండూ ఫుల్ చార్జింగ్‌లో పెట్టి, వెనకాల వేరే యాప్‌లు మూసేసి. స్కోరు ఉత్తరంలో రాయండి.

మీ తాతయ్య