శౌర్య పతకాలు: మా స్టేషన్‌లో తరచూ వినిపించే అపోహలు

వరంగల్ వైపు ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తాను. ఆగస్టు 15కు, జనవరి 26కు కేంద్రం ఇచ్చే పతకాల జాబితా రాగానే చుట్టాలు, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇవే మాటలు అంటుంటారు.

"పోయినోళ్లకే ఇస్తారు"

కాదు. 2022 జూలై 25న సైబరాబాద్‌లో హెడ్ కానిస్టేబుల్ చదువు యాదయ్య ఇద్దరు గొలుసు దొంగలను పట్టుకోబోతే ఛాతీ, వీపు, ఎడమ చెయ్యి, కడుపు మీద పొడిచారు. అయినా పట్టు వదల్లేదు. 17 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. 2024 ఆగస్టు 15 జాబితాలో రాష్ట్రపతి శౌర్య పతకం దేశం మొత్తమ్మీద ఆయన ఒక్కరికే వచ్చింది. ఆయన హోదా గమనించండి. ఈ పతకానికి ర్యాంకు అడ్డు కాదు.

"అవన్నీ పోలీసులకే"

ఇదివరకు పతకాలు 16 రకాలు ఉండేవి. 2024 నుంచి నాలుగే: రాష్ట్రపతి శౌర్య పతకం, శౌర్య పతకం, రాష్ట్రపతి విశిష్ట సేవా పతకం, మెరిటోరియస్ సర్వీస్ పతకం. పోలీసు, ఫైర్, హోంగార్డు, సివిల్ డిఫెన్స్, జైళ్ల సిబ్బంది అందరికీ ఇవే. సాహసానికి ఇచ్చేవి మొదటి రెండే. మిగతావి ఏళ్ల తరబడి చేసిన మంచి సర్వీసుకు. పేపర్లో "రాష్ట్రపతి పతకం" అని చూసి ఎన్‌కౌంటర్ ఎక్కడ జరిగిందని అడగకండి.

"పతకం వస్తే ప్రమోషన్ ఖాయం"

శౌర్య పతకానికి నెలనెలా కొంత భత్యం వస్తుంది. ప్రమోషన్ లెక్క వేరు.

"సాహసం చేస్తే పతకం దానంతట అదే వస్తుంది"

అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. ప్రతిపాదన కింది నుంచే కదలాలి. స్టేషన్, జిల్లా, శాఖ, రాష్ట్ర ప్రభుత్వం దాటి కేంద్ర హోంశాఖకు చేరాలి. అక్కడివాళ్లు మంటను చూడరు, కాగితాన్ని చూస్తారు.

మా వైపు పత్తి మిల్లులు ఎక్కువ. పత్తి బేలు పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడలోనూ పేలుడు సామానుతో పాటు పత్తి ఉంది. ఆ రోజు చనిపోయిన ఫైర్ సిబ్బంది కోసమే మనం ఏటా అగ్నిమాపక దినం జరుపుతాం.

కొన్నేళ్ల కింద ఒక మిల్లు గోదాంలో హమాలీ చిక్కుకున్నాడు. మా సిబ్బందిలో ఒకడు బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున కట్టుకునే గాలి సిలిండర్, మాస్కు) తగిలించుకుని పొగలోకి వెళ్లాడు. గాలి అయిపోవస్తోందని సిలిండర్ విజిల్ మోగుతుండగా అతన్ని ఈడ్చుకొచ్చాడు. తెల్లారాక రిపోర్టు రాసింది నేనే: "మంటలు ఆర్పివేయడమైనది. ఒకరిని రక్షించడమైనది." అంతే. ఎవరు వెళ్లారో, ఎన్నింటికి వెళ్లారో, సిలిండర్‌లో ప్రెషర్ ఎంతో, చూసిందెవరో రాయలేదు. తర్వాత ప్రతిపాదన పంపుదామని ఫైలు తీస్తే ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. సీజన్ అయిపోయి హమాలీ ఊరెళ్లిపోయాడు. ఆ తప్పు నాదే. మావాడు ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు ఎంత అలసిపోయినా ఆ రాత్రే పేర్లతో, టైములతో రాయిస్తున్నాను.

"జాగ్రత్తలు చూసుకునేవాడు ధైర్యవంతుడు కాదు"

తాడు లేకుండా, తోడు లేకుండా లోపలికి పోతే వెతకాల్సినవాళ్లు ఇద్దరవుతారు. బయట ఒకరు నిలబడి లోపలికి వెళ్లిన టైము రాయాల్సిందే. రేపు సాక్ష్యంగా నిలిచేదీ ఆ రాతే.

"మామూలు మనుషులకు ఏమీ లేదు"

1961 నుంచి జీవన్ రక్షా పదక్‌లు ఉన్నాయి. నీళ్లలోంచో మంటల్లోంచో ప్రాణం కాపాడిన ఎవరికైనా రావచ్చు. డ్యూటీలో లేనప్పుడు కాపాడితే పోలీసులూ, మేమూ అర్హులమే. మీ ఊరి చెరువులో ఎవరైనా పిల్లాణ్ణి బయటికి లాగితే చప్పట్లతో సరిపెట్టకండి. చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఆ రోజే రాసుకుని అధికారులకు ఇవ్వండి.