విమాన నిబంధనల లొసుగులు: లాభం ఎవరికి, నష్టం ఎవరి మీద?

2024 అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఫోర్ట్‌వర్త్‌లో ఒక జ్యూరీ, స్కిప్‌లాగ్డ్ అనే టికెట్ల వెబ్‌సైట్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 94 లక్షల డాలర్లు చెల్లించాలని తేల్చింది. విమానం మారవలసిన ఊరిలోనే దిగిపోయి, టికెట్‌లో మిగిలిన ప్రయాణాన్ని వదిలేసుకుంటే డబ్బు ఎలా మిగులుతుందో చూపించడమే ఆ సైట్ ప్రత్యేకత. దీనినే హిడెన్ సిటీ టికెట్ అంటారు. అయితే ఆ కేసులో ప్రధానంగా నిలిచినవి సంస్థ లోగో మీద కాపీరైట్, సైట్‌కు వచ్చిన ఆదాయం. సగం దారిలో దిగిపోయిన ప్రయాణికుడు తప్పు చేశాడా లేదా అన్న అసలు ప్రశ్న ఆ తీర్పుతో తేలలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే, ఇలాంటి ఎత్తుగడలకు చోటిచ్చిన నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందుగా చూడాలి.

నిబంధనల చుట్టూ తిరిగే తెలివి ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1945లో ఏర్పడిన అంతర్జాతీయ వాయు రవాణా సంఘం, అంటే అయాటా, సమావేశాల్లో సభ్య సంస్థలు కలిసి కూర్చుని అంతర్జాతీయ ఛార్జీలను నిర్ణయించేవి, ప్రభుత్వాలు వాటికి ఆమోదముద్ర వేసేవి. ఆ ఛార్జీలు సామాన్యులకు అందేవి కావు. అంతకంటే చౌకగా అట్లాంటిక్ దాటాలంటే చార్టర్ విమానం, అంటే ఒక బృందం మొత్తంగా అద్దెకు తీసుకునే విమానం ఎక్కాలి. అందుకు ప్రయాణం కాక మరేదైనా ఉద్దేశంతో నడిచే క్లబ్బులో కనీసం ఆరు నెలలుగా సభ్యత్వం ఉండాలని నిబంధన. దాని ఫలితంగా 1960లలో బ్రిటన్‌లో పేరుకు మాత్రమే ఉండే క్లబ్బులు పుట్టుకొచ్చాయి, పాత తేదీలు వేసిన సభ్యత్వ కార్డులు చేతులు మారాయి. అధికారులు విమానాశ్రయంలో ప్రయాణికులను నిలబెట్టి, నీ క్లబ్బు ఏమిటి, ఎప్పుడు చేరావని ప్రశ్నించే స్థితి వచ్చింది. చార్టర్ విమానాలు నడిపిన ఫ్రెడ్డీ లేకర్ ఈ అవమానాన్ని దగ్గరగా చూశాడు. అబద్ధమాడే పని లేకుండా ఎవరైనా వచ్చి టికెట్ కొనుక్కుని ఎక్కగలిగే విమానం కోసం ఏళ్ల తరబడి పోరాడి, 1977 సెప్టెంబరు 26న లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్ల స్కైట్రెయిన్‌ను ప్రారంభించాడు. 1982లో ఆయన సంస్థ మూతపడింది గాని, దొంగ క్లబ్బుల అవసరం మాత్రం మళ్లీ రాలేదు. అర్థంలేని నిబంధన మంచివాళ్ల చేత కూడా అబద్ధాలు చెప్పిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ విమానయాన చరిత్రలో నాకు కనిపించదు.

అమెరికాలో ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో తొలగడం మొదలైంది. ఛార్జీలను అదుపు చేసే సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు 1984 చివరికి రద్దయింది. ఇక సంస్థలు పోటీ పడవలసి వచ్చింది. పోటీలో ధర తగ్గించక తప్పదు, కానీ ఎంతైనా ఇచ్చే వ్యాపార ప్రయాణికుడికి కూడా తగ్గిస్తే ఆదాయం పోతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1977లోనే సూపర్ సేవర్ ఛార్జీలతో దీనికి దారి చూపింది. 1985 జనవరిలో, పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చౌక సంస్థను ఎదుర్కోవడానికి, కంప్యూటర్ల సాయంతో ఆ పద్ధతిని మరింత పదును పెట్టింది. చౌక టికెట్ కావాలంటే చాలా ముందుగా కొనాలి, వెళ్లిన చోట శనివారం రాత్రి గడపాలి. విహారానికి వెళ్లేవారికి ఇందులో ఇబ్బంది లేదు. సోమవారం వెళ్లి బుధవారం ఇంటికి చేరాలనుకునే ఉద్యోగి మాత్రం ఈ జల్లెడలో పైనే మిగిలిపోతాడు. శనివారం రాత్రి ప్రయాణికుడు ఎక్కడ నిద్రపోతాడన్నదానికీ విమానం నడిపే ఖర్చుకూ ఏ సంబంధమూ లేదు. అది మనిషి జేబు లోతు కొలవడానికి వాడిన కొలమానం.

ప్రయాణికులు ఆ కొలమానాన్ని తొందరగానే అర్థం చేసుకున్నారు. ఒకే ఊరికి రెండు వారాలు వరుసగా వెళ్లవలసిన ఉద్యోగి, ఒకటి ఇంటి నుంచి, ఇంకొకటి అవతలి ఊరి నుంచి మొదలయ్యేలా రెండు చౌక రానుపోను టికెట్లు కొనేవాడు. మొదటి టికెట్‌తో వెళ్లి రెండో టికెట్‌తో తిరిగొచ్చేవాడు, మరుసటి వారం మిగిలిన సగాలు వాడుకునేవాడు. కాగితం మీద రెండు టికెట్లలోనూ శనివారం రాత్రి బస ఉండేది. సంస్థలు దీన్ని నిషేధించాయి, టికెట్ భాగాలను వరుస క్రమంలోనే వాడాలని ఒప్పందంలో రాసుకున్నాయి. హిడెన్ సిటీ పద్ధతి కూడా ఈ మూలం నుంచే వచ్చింది. ఒక సంస్థ తన ప్రధాన కేంద్రంగా చేసుకున్న నగరానికి నేరుగా వెళ్లే మార్గంలో పోటీ తక్కువ కాబట్టి ధర ఎక్కువ. అదే నగరం మీదుగా దూరంగా ఉన్న మరో ఊరికి వెళ్లడానికి చాలా సంస్థలు పోటీ పడతాయి కాబట్టి ధర తక్కువ. దూరం ఎక్కువ, ధర తక్కువ అన్న ఈ వింత నుంచి పుట్టినదే సగంలో దిగిపోవడం.

సంస్థల వాదనలో పస లేదని చెప్పడం న్యాయం కాదు. అందరికీ ఒకే ధర పెడితే ఖాళీ సీట్లు మిగులుతాయి, చౌక సీట్లు కనుమరుగవుతాయి, తక్కువ రద్దీ ఉన్న ఊళ్లకు విమానాలే ఆగిపోవచ్చు. చివరి అంచెలో ఖాళీగా వెళ్లిన సీటు మరొకరికి దక్కవలసింది అన్న మాట కూడా నిజమే. కానీ ప్రయాణికుడు ఆ సీటుకు డబ్బు చెల్లించాడు. కొన్నదాన్ని పూర్తిగా వాడకపోవడం నేరమైన చోట్లు లోకంలో చాలా తక్కువ. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2010లో ఈ విషయంలో మధ్యే మార్గం చూసింది. ఒక భాగం వాడలేదని మిగతా టికెట్‌ను పూర్తిగా రద్దు చేయడం చెల్లదనీ, ఛార్జీ తేడా మాత్రం అడగవచ్చుననీ చెప్పింది. ఆ తర్వాత లుఫ్తాన్సా, ఓస్లో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సియాటిల్‌కు వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఆగిపోయిన ఒక ప్రయాణికుడి మీద రెండు వేల యూరోలకు పైగా రావాలంటూ దావా వేసింది. ఆ తేడాను ఎలా లెక్కించారో స్పష్టంగా లేదంటూ 2018 డిసెంబరులో బెర్లిన్ కోర్టు దానిని కొట్టివేసింది. నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. తన ధర ఎలా పుట్టిందో చెప్పలేని అమ్మకందారు, కొన్నవాడి నిజాయితీని ప్రశ్నించే ముందు ఆ లెక్క విప్పి చూపాలి.

ఓవర్ బుకింగ్ కథ దీనికంటే చిక్కైనది, ఎందుకంటే అందులో ఇరుపక్షాల చేతులూ ఉన్నాయి. డబ్బు కట్టకుండా సీటు రిజర్వు చేసుకునే రోజుల్లో కొందరు ప్రయాణికులు ఏదో ఒకటి పనికొస్తుందని ఒకే రోజు రెండు మూడు విమానాల్లో పేరు రాయించుకుని, ఒకటి ఎక్కి మిగతావి వదిలేసేవారు. వారి లెక్కను ముందే ఊహించి సంస్థలు ఉన్న సీట్ల కంటే ఎక్కువ అమ్మేవి. అంచనా తప్పిన రోజున, మాట ప్రకారం వచ్చినవాడు బయట నిలబడేవాడు. 1972 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నుంచి హార్ట్‌ఫర్డ్‌కు వెళ్లవలసిన వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్‌కు అలిగెనీ ఎయిర్‌లైన్స్‌లో ఇదే జరిగింది. ఓవర్ బుకింగ్ సంగతి చెప్పకుండా దాచడం మోసమని ఆయన కోర్టులో వాదించుకోవచ్చునని 1976లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

పరిష్కారం మాత్రం ఒక ఆర్థికవేత్త నుంచి వచ్చింది. ఎవరిని దించాలో సిబ్బంది నిర్ణయించడం మాని, ఎంత ఇస్తే స్వచ్ఛందంగా దిగుతారో ప్రయాణికులనే అడగాలని జూలియన్ సైమన్ 1968లోనే ప్రతిపాదించాడు. విమాన సంస్థలు చాలా కాలం పట్టించుకోలేదు. అధ్యాపకుడైన ఆల్ఫ్రెడ్ కాన్ సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అధ్యక్షుడయ్యాక 1978లో అది నిబంధనగా మారింది. యూరప్‌లో 2005 ఫిబ్రవరి నుంచి అమలైన, విమాన ప్రయాణికుల హక్కులకు సంబంధించిన 261వ నియంత్రణ కూడా ముందు స్వచ్ఛందంగా తప్పుకొనేవారిని వెతకాలనే చెబుతుంది. తొందరలేనివాడు డబ్బు తీసుకుని ఆగుతాడు, తొందర ఉన్నవాడు వెళ్తాడు, తగినంతమంది ముందుకొస్తే ఎవరి మీదా బలవంతం ఉండదు. ఈ మొత్తం చరిత్రలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన ఘట్టం ఇదే.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన అడ్వాంటేజ్ పథకంతో, ప్రయాణానికి మైళ్లు ఇచ్చి వాటికి బదులు ఉచిత టికెట్లు ఇచ్చే మైళ్ల పోగు పెద్ద ఎత్తున మొదలైంది, దాని వెంట మైళ్ల వేట కూడా మొదలైంది. 1999లో కాలిఫోర్నియాకు చెందిన ఒక ఇంజినీరు సుమారు 3,000 డాలర్లతో 12,000కు పైగా పుడ్డింగ్ కప్పులు కొని, తయారీ సంస్థ ప్రకటన ప్రకారం వాటి మీది కోడ్‌లకు బదులుగా 12 లక్షలకు పైగా మైళ్లు సంపాదించాడు. ఆ తర్వాత అమెరికా టంకశాల నుంచి క్రెడిట్ కార్డుతో డాలరు నాణేలు కొని, వాటినే బ్యాంకులో వేసి, మైళ్లు మిగుల్చుకునేవారు బయలుదేరారు. 2011లో టంకశాల కార్డు చెల్లింపులను ఆపేసింది. పుడ్డింగ్ కొన్న మనిషి ప్రకటనలో రాసిన షరతులను అక్షరాలా పాటించాడు, తయారీ సంస్థ కూడా మాట నిలబెట్టుకుంది. నాణేల విషయం అలాంటిది కాదు. కార్డు రుసుము, నాణేలు పంపే ఖర్చు ప్రజాధనం నుంచే పోయాయి. 2015 నుంచి పెద్ద అమెరికన్ సంస్థలు దూరాన్ని బట్టి కాక ఖర్చు పెట్టిన డబ్బును బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టడంతో, చౌక టికెట్లతో దూరాలు తిరిగి మైళ్లు పోగేసే వేట చాలావరకు సద్దుమణిగింది.

2008 దాకా ఎత్తుగడల దెబ్బ ఎక్కువగా సంస్థల ఖాతా మీదే పడింది. ఆ ఏడాది చమురు ధర ఎగబాకుతున్నప్పుడు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి బ్యాగుకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది, మిగతావాటిలో చాలా సంస్థలు అనుసరించాయి. యూరప్‌లో ర్యాన్ఎయిర్ అంతకు రెండేళ్ల ముందే ఆ దారి పట్టింది. కింద వేసే సామానుకు డబ్బు, లోపలికి తెచ్చుకునేదానికి ఉచితం అన్నాక, 1987లో ఒక పైలట్ రూపొందించిన నిలువు చక్రాల పెట్టె ప్రతి చేతిలోనూ కనిపించసాగింది. తల పైనున్న అరలో చోటు మాత్రం సరిపోలేదు. ముందు ఎక్కినవాడికి చోటు దొరుకుతుంది, చివర ఎక్కినవాడి పెట్టె కిందికి పోతుంది. కాబట్టి వంతు రాకముందే వరుసలో దూరడం, పరిమాణం మించిన సంచిని కోటు కింద దాచడం, రెండు సంచులను పక్కపక్కనే పరచడం మామూలైపోయాయి. ఇక్కడ మోసపోయేది సంస్థ కాదు, వెనక నిలబడిన మనిషి. విమానం ఎక్కడానికి బృందాలవారీగా పిలిచేటప్పుడు తమ బృందం వంతు రాకుండా ఎవరైనా బోర్డింగ్ పాస్ స్కాన్ చేస్తే శబ్దం చేసే ఏర్పాటును అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2024 నవంబరులో వందకు పైగా విమానాశ్రయాలకు విస్తరించింది.

సీట్ల సంగతి కూడా ఇంతే. వరుసల మధ్య ఎడం తగ్గించి, సీటు వెనక్కి వాల్చే మీటను అలాగే ఉంచడం ద్వారా సంస్థలు ఒకే జాగాను ఇద్దరికి అమ్మాయి. 2003లో వచ్చిన నీ డిఫెండర్ అనే పరికరం ముందు సీటును వాలకుండా అడ్డుకునేది. 2014 ఆగస్టులో దాని మీద రేగిన గొడవతో డెన్వర్ వెళ్లవలసిన ఒక విమానాన్ని చికాగోలో దించవలసి వచ్చింది. మర్యాద గురించి ప్రయాణికులకు చెప్పే హితబోధలన్నీ ఆ తగ్గిన అంగుళాలను ప్రస్తావించకుండా సాగడం నాకు బాధ కలిగిస్తుంది.

అయినా అన్ని ఎత్తుగడలనూ సంస్థల దురాశ మీదికి నెట్టివేయలేము. 1986లో అమెరికా చేసిన వికలాంగ ప్రయాణికుల హక్కుల చట్టం క్రింద, మానసిక స్వస్థతకు తోడుగా ఉండే జంతువులను రుసుము లేకుండా వెంట తీసుకెళ్లే వీలు ఏర్పడింది. పెంపుడు జంతువుకు కట్టవలసిన డబ్బు తప్పించుకోవడానికి ఆన్‌లైన్‌లో ధ్రువపత్రాలు కొనుక్కునేవారు పెరిగారు. 2018 జనవరిలో నూవార్క్‌లో ఒక నెమలితో వచ్చిన ప్రయాణికురాలిని యునైటెడ్ సంస్థ ఎక్కించుకోలేదు. 2021 జనవరి నుంచి అమలైన నిబంధన ప్రకారం, శిక్షణ పొందిన కుక్కలను మాత్రమే సహాయ జంతువులుగా గుర్తించవలసి ఉంది. ఆ తలుపు మూసుకున్నప్పుడు బయట మిగిలినవారిలో, ఆ తోడు లేకుండా విమానం ఎక్కలేని నిజమైన రోగులు కూడా ఉన్నారు.

ఇప్పుడు చర్చ చక్రాల కుర్చీల మీదికి వచ్చింది. కుర్చీలో వచ్చి అందరికంటే ముందు ఎక్కి, దిగేటప్పుడు నడిచి వెళ్లిపోయేవారి గురించి కొందరు సంస్థల అధిపతులు బహిరంగంగానే ఫిర్యాదు చేస్తున్నారు. బయలుదేరే చోట పొడవైన వరుసల్లో నిలబడలేనివారు దిగాక కొద్ది దూరం నడవగలరనీ, కంటికి కనిపించని వైకల్యాలు ఎన్నో ఉంటాయనీ వికలాంగుల సంఘాలు జవాబు చెబుతున్నాయి. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఈ సాయానికి రుసుము తీసుకోకూడదు, సాధారణంగా వైద్య పత్రం అడగకూడదు. ఆ హక్కును కాపాడడానికి పత్రం అడగడం మొదలుపెడితే, ముందుగా దెబ్బ తినేది ఆ హక్కు ఎవరి కోసం పుట్టిందో వారే.